టీలో తగ్గిపోయే కిస్‌మిస్

మా అత్తగారింట్లో ఎండుపళ్ళు నానబెడితే తగ్గిపోతాయి.

నవ్వకండి. లోకంలో ఎక్కడైనా కిస్‌మిస్ నానితే ఉబ్బుతుందని నాకూ తెలుసు. మా పుట్టింట్లో కూడా ఉబ్బేవి. కానీ పెళ్ళయి వచ్చిన ఆడపిల్ల చాలా మార్చుకోవాలి కదా. నిద్ర లేచే వేళ మార్చుకున్నాను, టీలో చక్కెర మార్చుకున్నాను, కిస్‌మిస్ మీద నా అభిప్రాయం కూడా మార్చుకున్నాను.

ఈ సిద్ధాంతం కనిపెట్టింది మా మామగారు. ఆషామాషీ మనిషి కాదు. హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఏడాదికోసారి క్లాసులో గిన్నెడు నీళ్ళలో కిస్‌మిస్ వేసి, అవి ఎలా ఉబ్బుతాయో పిల్లలకి చూపించి, దానికో పేరు చెప్పి, బొమ్మ గీయించి, మార్కులు కూడా వేసిన మనిషి. అందుకే కొత్తలో ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"మామయ్యా, నానితే ఉబ్బాలి కదా?"

"అది నీళ్ళలోనమ్మా," అన్నారాయన ఎంతో ఓపిగ్గా. "టీ వేరు. టీలో టానిన్ అని ఒకటుంటుంది. అది పండు లోపలికి దూరి ఇలా బిగించేస్తుంది. నానిన కొద్దీ దగ్గరపడిపోతుంది."

ఇలా అన్నప్పుడు గుప్పిట బిగించి మరీ చూపించారు. నా చదువు మీద నాకే జాలేసింది. అత్తయ్య పక్కనే నిలబడి, చూశావా మా ఆయన తెలివి అన్నట్టు మురిసిపోయింది. పక్క గదిలోంచి వాళ్ళబ్బాయి, అంటే నా మొగుడు, "మా నాన్నకి అన్నీ తెలుసు," అని అరిచాడు. అక్కడితో ఆ విషయం తేలిపోయింది.

ఇంతకీ ఈ నానబెట్టడమంతా ఆదివారం సాయంత్రం టీలోకి చేసే కేకు కోసం. కేకంటే ఏదో ఊహించుకునేరు. క్రీము ఉండదు, పూలు ఉండవు, పిండిలో చుక్క నూనె కూడా పడదు. శనివారం సాయంత్రం పింగాణీ జాడీలో కిస్‌మిస్, ఖర్జూరం ముక్కలు, అంజీరు, ఎండబెట్టిన నారింజ తొక్కల తురుము వేసి, చిక్కటి టీ డికాషను మునిగేదాకా పోసి మూత పెట్టాలి. ఆదివారం పొద్దున్నే అందులో మైదా, బెల్లంపొడి, గుడ్లు కలిపి, పొడవాటి టిన్నులోకి ఒంపి, ఓవెన్లో సన్నటి సెగకి వదిలెయ్యాలి. నాలుగింటికి ముక్కలు కోసి, పైన కాస్త వెన్న రాసుకుని టీతో తినాలి. అంతే. ఇంత చిన్న కేకు మా కొంప ముంచింది.

పళ్ళు తగ్గుతాయి కాబట్టి ముందే ఎక్కువ వేసుకోవాలనేది అత్తయ్య నాకు నేర్పిన మొదటి పాఠం. "జాడీ మెడ దాకా పొయ్యవే. పొద్దుటికి నడుం దాకా దిగుతాయి," అనేది. నిజంగానే దిగేవి. అబద్ధమెందుకు, నా కళ్ళతో చూశాను. సాయంత్రం మెడ దాకా ఉన్నవి తెల్లారి మూత తీస్తే నడుం దగ్గరుండేవి. కళ్ళెదురుగా కనిపించేదాన్ని కాదనడానికి నేనెవర్ని?

మామయ్య మాత్రం ఆ కేకు ముట్టేవారు కాదు. ఆయనకి చక్కెర జబ్బు. డాక్టరు తీపి మానెయ్యమన్న రోజు నుంచి అత్తయ్య ఆయనకి కాపలా కాసింది. పిల్లి నుంచి పాలకి కూడా అంత కాపలా ఉండదు. ఆయన కూడా మాట జవదాటేవారు కాదు. ఆదివారం మేమందరం బల్ల చుట్టూ కూర్చుని లొట్టలేసుకుంటూ తింటుంటే, ఆయన చప్పటి టీ చేతిలో పట్టుకుని, "మీరు తినండర్రా, నాకు చూస్తేనే కడుపు నిండిపోతుంది," అనేవారు. చూసినవాళ్ళ కళ్ళు చెమర్చేవి. మా చిన్నత్తయ్య, అంటే అత్తయ్య చెల్లెలు, వాళ్ళాయన్ని దెప్పిపొడవడానికి ఏ వంకా దొరక్కపోతే మా మామగారి నిగ్రహాన్నే వాడుకునేది. డాక్టరైతే మిగతా రోగులకి ఈయన్ని చూపించి, "మాస్టార్ని చూసి నేర్చుకోండి," అనేవాడట. పైగా ఆయన ఎవర్నీ కష్టపెట్టని మనిషి. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి, అడుగుల చప్పుడు కాకుండా వంటింట్లోకెళ్ళి, తన టీ తనే కాచుకుని, తన గిన్నెలు తనే కడిగిపెట్టుకునేవారు. అలాంటి మామగారు ఎవరికి దొరుకుతారు చెప్పండి.

కిందటి చలికాలంలో ఓ మధ్యాహ్నం పడక్కుర్చీలో పేపరు చదువుతూ చదువుతూ వెళ్ళిపోయారు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. చక్కెర మాత్రం చివరిదాకా భేషుగ్గా అదుపులో ఉందని కూడా అన్నాడు. ఆ మాట మాకెందుకు పనికొస్తుందో నాకర్థం కాలేదు.

కొన్నాళ్ళు ఇంట్లో ఎవరూ కేకు ఊసెత్తలేదు. తర్వాత ఓ శనివారం అత్తయ్య జాడీ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇకనుంచి నువ్వే చెయ్యి. నా వల్ల కాదు," అంది.

చేశాను. మధ్యలో గుంట పడింది. కోస్తే కత్తికి బంకలా అంటుకుంది. అత్తయ్య ఒక మూల తుంచి నోట్లో పెట్టుకుని, "పచ్చిగా ఉంది," అని పళ్ళెం పక్కకి జరిపి లేచి వెళ్ళిపోయింది. మొదటిసారి కదా అనుకున్నాను. రెండోసారీ పచ్చే. ఆ తర్వాతా పచ్చే. నేను వేసిందే వేశాను, కలిపిందే కలిపాను, పుల్ల గుచ్చి చూసి మరీ తీశాను. పుల్ల పొడిగానే వచ్చేది, కేకు మాత్రం తడిగానే ఉండేది. ఆ పుల్ల కూడా అత్తగారి తరఫు మనిషే కాబోలు.

ఇంట్లో ఒక కోడలి వంట చెడితే మిగతావాళ్ళందరూ ఎంత చురుగ్గా తయారవుతారో మీకు తెలియంది కాదు. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. "ఇది ఓవెన్ తప్పు, నీది కాదు," అని నన్ను వెనకేసుకొచ్చి, ఆ వెనకేసుకురావడంలోనే ఓవెన్ని విప్పి హాలంతా పరిచాడు. ఆ వారమంతా మేము మరలు దాటుకుంటూ నడిచాం. మళ్ళీ బిగించాక దాని తలుపు లిఫ్టు తలుపులా దానంతటది మూసుకోవడం మొదలెట్టింది. కేకు మాత్రం పచ్చిగానే ఉంది.

మా ఆడపడుచు చిట్టి కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. లోకంలో ఏ సమస్యయినా సరిగ్గా చూడకపోవడం వల్లే వస్తుందని దాని నమ్మకం. "వదినా, నువ్వు లోపలి వేడి చూడట్లేదు," అని ఓవెన్లో పెట్టే థర్మామీటరు కొనుక్కొచ్చింది. దాన్నిప్పటికీ బుద్ధిగా చూస్తున్నాను. వేడి ఎంతుండాలో అంతే ఉంటుంది.

ఇక మా చిన్నత్తయ్య. ఆవిడ ప్రతి ఆదివారం టీ వేళకి వస్తుంది. చేతులూపుకుంటూ వస్తుందని అనకూడదు, సలహాలు పట్టుకొస్తుంది. "మైదా జల్లించావా? ఎన్నిసార్లు జల్లించావు? ఏ చేత్తో జల్లించావు?" అని ఆరా తీసి, చివరికి నా అరచెయ్యి పట్టుకుని చూసి, "అదీ సంగతి. దీనిది వేడి చెయ్యక్కా. నీ చెయ్యి చల్లన. ఆ చెయ్యి అందరికీ వస్తుందా?" అంది. అని, ఆ పచ్చి కేకే రెండు ముక్కలు లాగించింది. బాగోలేనిదాన్ని ఎంత తిన్నా తప్పు లేదని ఆవిడ లెక్క కాబోలు.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. ఇన్నాళ్ళూ ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా చేతిలో పళ్ళు తగ్గడం మానేశాయి.

నిజం. సాయంత్రం మెడ దాకా పోస్తే పొద్దున్నకి మెడ దాటి మూతని తన్నేవి. మొదటిసారి చూసినప్పుడు నా గుండె జారిపోయింది. ఆఖరికి కిస్‌మిస్ కూడా నా మాట వినలేదంటే ఏమనుకోవాలి? మామయ్య చెప్పింది గుర్తు తెచ్చుకుని, టానిన్ చాలలేదేమోనని టీ ఆకు రెట్టింపు వేశాను. తగ్గలేదు సరికదా కేకు చేదెక్కింది. శుక్రవారం నుంచే నానబెట్టి చూశాను. ఇంకా ఉబ్బాయి. ఇక చేసేదిలేక, అత్తయ్య వంటింటి వైపు వస్తే చాలు, జాడీ మీద మూత బిగించి అడ్డంగా నిలబడేదాన్ని. కేకు చెడగొట్టిన కోడలంటే సర్దుకుపోవచ్చు, పళ్ళు నానబెట్టడం కూడా చేతకాని కోడలంటే మా పుట్టింటివాళ్ళు తలెత్తుకుని తిరగగలరా?

సరే, నా పరువు సంగతి అలా ఉంచండి. పరువు పోవడం నాకేం కొత్త కాదు. నన్ను నిజంగా తినేస్తున్నది వేరే ఉంది. అత్తయ్య తిండి మానేస్తోంది. పూటపూటకీ ఒక ముద్ద తగ్గిపోతోంది. వేలికున్న ఉంగరం జారిపోతుంటే దారం చుట్టుకుంది, తర్వాత దారం మీద దారం చుట్టుకుంది. అడిగితే, "ఆకలి లేదే," అనేది. ఆవిడ ఇష్టంగా తినేదల్లా ఆదివారం కేకు ఒక్కటే, వెన్న దట్టంగా రాసుకుని, కళ్ళు మూసుకుని తినేది. ఆ ఒక్కటీ సరిగ్గా చేసి పెడితే, ఒక్క ముక్క పూర్తిగా తింటే, మళ్ళీ మనిషవుతుందని నా ఆశ. అందుకే వారం వారం ఆ పాడు కేకుతో కుస్తీ పట్టాను. ఆవిడంటే నాకిష్టం. ఈ మాట ఆవిడ మొహం మీద ఎప్పుడూ అనలేదు, అనే అలవాటు మా ఇద్దరికీ లేదు.

కిందటి వారం మళ్ళీ గుంట పడ్డ కేకే బల్ల మీదకొచ్చింది. అత్తయ్య మూల తుంచింది, నమిలింది, పళ్ళెం జరిపింది. చిన్నత్తయ్య గొంతు సవరించుకుంది.

"అక్కా, పాపం ఈ పిల్లని ఎందుకు హింస పెడతావు? వచ్చే వారం నుంచి మా వీధి చివర బేకరీలో నేనే కొనుక్కొస్తాలే. మెత్తగా దూదిలా ఉంటుంది."

నేను అత్తయ్య వైపు చూశాను. ఎందుకంటే బేకరీ కేకు పేరెత్తితే అత్తయ్య ఊరుకునే రకం కాదు. ఒకప్పుడు చిట్టి పుట్టినరోజుకి దాని స్నేహితురాలు బేకరీ కేకు తెస్తే, దాన్ని పక్కింటివాళ్ళ కుక్కకి పెట్టించి, అది తినలేదని ఊరంతా చాటిన మనిషి. ఇప్పుడు చెల్లెల్ని నాలుగు కడిగేస్తుంది, ఇంట్లో మళ్ళీ కేకలు వినబడతాయి అని ఎదురు చూశాను.

"తీసుకురా," అంది అత్తయ్య. "ఏదైతే ఏముంది."

నన్ను తిట్టినా అంత బాధ కలిగేది కాదు. అత్తయ్యకి ఏదైతే ఏముంది అనిపించే రోజు వచ్చిందంటే నాకు భయమేసింది. నిజంగా భయమేసింది. చిన్నత్తయ్య వెళ్ళాక ఆవిడ గదిలోకి వెళ్ళాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"అత్తయ్యా, ఈ ఒక్కసారికి మీరొచ్చి పక్కన నిలబడండి. చెయ్యి పెట్టక్కర్లేదు. నేనెక్కడ తప్పు చేస్తున్నానో చూసి తిట్టండి చాలు."

"ఓపిక లేదే."

"నన్ను తిట్టడానికి కూడా ఓపిక లేదా?"

ఆవిడ ఇటు తిరిగి నా మొహంలోకి చూసింది. ఏం కనబడిందో మరి, "సరేలే, ఏడవకు," అంది. నేనేం ఏడవలేదు. కళ్ళలో తడి ఉంటే ఏడ్చినట్టా?

నిన్న సాయంత్రం ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తుండగా పళ్ళు జాడీ మెడ దాకా వేశాను. డికాషను పోశాను. ఆవిడ రంగు చూసి తల ఊపింది. ఒక్క తప్పు కూడా దొరకలేదు. ఇవాళ పొద్దున్నే చీపురు పట్టుకుని నిలబడ్డ నన్ను పక్కకి నెట్టి, తనే వంటింట్లోకి వెళ్ళింది. వెనకే పరిగెత్తాను గానీ నేను అందుకునేలోపే మూత తీసేసింది.

"ఇదేంటే? ఇంత ఉంది?"

అయిపోయింది అనుకున్నాను. దొరికిపోయిన దొంగలా గోడకానుకుని నిలబడ్డాను.

"తగ్గట్లేదత్తయ్యా. నేనేం చేసినా తగ్గట్లేదు. డికాషను చిక్కగా పెట్టి చూశాను, ముందు రోజు నుంచే నానబెట్టి చూశాను. నా చేతిలో తగ్గట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. జాడీ మీరు నా చేతికిచ్చినప్పట్నుంచి."

"అంతకు ముందు తగ్గేవిగా. నువ్వు కూడా చూశావుగా."

"చూశాను. మామయ్య ఉన్నన్నాళ్ళూ బాగానే తగ్గేవి."

ఆ మాట నా నోట్లోంచి మామూలుగానే వచ్చింది. ఆయన ఉన్న రోజులు మంచివి అనే అర్థంలోనే అన్నాను. అత్తయ్య జాడీలోకి చూసింది. నేను అత్తయ్యని చూశాను. తర్వాత ఇద్దరం కలిసి ఆయన టీ కాచుకునే స్టవ్ వైపు చూశాం. స్టవ్‌కి జాడీకి మధ్య చెయ్యి చాపినంత దూరం కూడా లేదు.

"గరిటె," అంది అత్తయ్య.

"ఏ గరిటె?"

"ఆదివారం పొద్దున్నే నేను లేచేసరికి సింకు పక్కన కడిగిన గరిటె ఒకటి ఉండేది. టీ కాచుకునే మనిషికి గరిటెతో ఏం పని? నేను ఒక్కసారి అడగలేదే! పైగా ఎంత శుభ్రం మా ఆయన, చుట్టుపక్కల ఏ మగాడైనా గరిటె కడుగుతాడా అని అందరికీ చెప్పుకున్నాను. వినివిని మీ చిన్నత్త వాళ్ళాయన చేత కూడా గరిటెలు కడిగించింది!"

నాకు నవ్వాగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. అత్తయ్యకి మాత్రం నవ్వు రాలేదు. మొహం ఎర్రబడింది. ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ మొహంలో రంగంటూ చూడలేదు నేను.

"టానిన్ అట, టానిన్! గుప్పిట మూసి చూపించాడు! ఇన్నేళ్ళూ నా కళ్ళకి గంతలు కట్టాడు. సైన్సు మాస్టారు! పిల్లలకొకటి, పెళ్ళానికొకటి చెప్పే సైన్సేంటే అది? జాడీలో సగం తినేసి, మళ్ళీ నాలుగింటికి నా ఎదురుగా కూర్చుని, చూస్తేనే కడుపు నిండిపోయిందా? ఎందుకు నిండదూ, పొద్దున్నే నింపుకున్నాడుగా!"

"అత్తయ్యా, నెమ్మది. వాళ్ళు లేస్తారు."

"లేవనీ! వాళ్ళ నాన్న ఎలాంటి దొంగో వింటారు!"

ఇలా గడగడా తిడుతూ తిడుతూ ఆవిడ ఒక్కసారిగా కుర్చీలో కూలబడిపోయింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూస్తూ కూర్చుంది. నేను భయపడి దగ్గరికెళ్ళాను.

"ఆయన అడిగాడే," అంది, గొంతు తగ్గించి. "పోయే ముందు ఆదివారం. మీరందరూ లేచి వెళ్ళాక, సగం ముక్క పెట్టవే అన్నాడు. ఎన్నడూ అడగని మనిషి. నేను పెట్టలేదు. వేలు చూపించి బెదిరించాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఇంకో ఆదివారం రాలేదు. అంత చిన్న ముక్క, సగం ముక్క, నా చేత్తో పెట్టి ఉంటే ఏం కొంప మునిగేది? అది తలుచుకుంటే నాకు ముద్ద గొంతు దిగట్లేదే. ఎదురుగా కూర్చోబెట్టి అన్నేళ్ళు ఆయనకి పెట్టకుండా నేను తిన్నాను."

ఇన్నాళ్ళూ నేను ఓవెన్నీ పిండినీ నా చేతినీ తిట్టుకుంటూ ఉన్నాను. ఈవిడేమో ఇంత బరువు ఒక్కతే మోస్తూ, ఆదివారం ఆదివారం ఆ బల్ల దగ్గరికే వచ్చి కూర్చుంది.

"అంటే మీరు తిననిది కేకు పచ్చిగా ఉన్నందుకు కాదా?"

"పచ్చిగా కూడా ఉంది," అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

ఎంత దుఃఖంలోనూ ఆవిడ తీర్పు మార్చే మనిషి కాదు.

నేను కింద కూర్చుని ఆవిడ మోకాళ్ళ మీద చేతులు వేశాను. "అత్తయ్యా, ఒక్కసారి ఆలోచించండి. మనందరం తలో ముక్క తినేవాళ్ళం. ఆయన ఒక్కరే సగం జాడీ తినేవారు. మన ఇంట్లో ఆ కేకు అందరికంటే ఎక్కువ తిన్నది ఎవరు?"

ఆవిడ కాసేపు నా మొహంలోకి, కాసేపు జాడీలోకి చూసింది. పెదవుల చివర ఏదో కదిలింది.

"మరి అంత తిన్నవాడు మళ్ళీ సగం ముక్క ఎందుకడిగాడే?"

"మీ చేత్తో పెడతారేమోనని."

ఆ మాటకి ఆవిడ ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా అలా ఏడవలేదు, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందాయో లేదో చూసుకుంటూ తిరిగింది. ఇవాళ మాత్రం నా తల మీద తల పెట్టి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే మధ్యమధ్యలో, "దొంగ సచ్చినోడు," అంది. "మాస్టారట, మాస్టారు," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు, నాకూ తెలియలేదు.

కాసేపటికి ముక్కు చీది లేచింది. గోడకున్న గరిటె అందుకుని జాడీలో ముంచి, నిండుగా తీసి నోట్లో పెట్టుకుంది. నేను చూస్తూ నిలబడిపోయాను. రసం గడ్డం మీదకి కారుతుంటే చేత్తో తుడుచుకుని ఇంకో గరిటె తీసింది.

"ఓరి నాయనోయ్, ఎంత బావున్నాయే! ఇన్నేళ్ళు చేశాను గానీ ఒక్క రోజు రుచి చూడలేదు. ఎందుకు మానేస్తాడూ!"

"చాలత్తయ్యా, పరగడుపున. కడుపు పాడవుతుంది."

"నువ్వూరుకో. ఆయనకి కానిది నాకవుతుందా? ఇంతకీ ఎందాకా దిగేవి? ఇక్కడిదాకానా?"

"ఇంకొంచెం కిందకి."

ఇంకొంచెం తింది. నా నోట్లో కూడా ఒక గరిటె కుక్కింది. జాడీ నడుం కనబడ్డాక గరిటె శుభ్రంగా కడిగి సింకు పక్కన బోర్లించి, "ఊఁ, ఇప్పుడు పిండి కలుపు," అంది.

ఆ ఎక్కువైన పళ్ళ తడే కేకుని పచ్చిగా ఉంచుతోందని, ముందే పళ్ళు తక్కువ వేస్తే సరిపోతుందని నాకు తోచకపోలేదు. నేనేమంత తెలివితక్కువదాన్ని కాను. కానీ ఆ నిమిషంలో ఆ మాట అనడానికి నాకు బుద్ధి లేదా?

నాలుగింటికి కేకు కోశాం. గుంట లేదు, బంక లేదు. కత్తి మెత్తగా దిగింది, ముక్క నిటారుగా నిలబడింది. బల్ల దగ్గర ఒక్కొక్కరి మొహం చూడాలి. "చూశావా, తలుపు రబ్బరు మార్చాను, అదీ అసలు జబ్బు," అన్నాడు మా ఆయన. "థర్మామీటరు కొన్నది నేను," అంది చిట్టి. చిన్నత్తయ్య బేకరీ కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, నా చెయ్యి మళ్ళీ పట్టుకుని చూసి, "చల్లబడిందే! నేను చెప్పానా?" అంది. అత్తయ్య ముగ్గురికీ అవునవునంటూ తల ఊపింది. నేను కూడా ముగ్గురికీ కృతజ్ఞతలు చెప్పాను. ఒక్క కేకుకి ఇంతమంది కష్టపడ్డారంటే మాటలా?

అత్తయ్య తన ముక్క తీసుకుంది. వెన్న దట్టంగా రాసుకుంది. కళ్ళు మూసుకుని మొదటి కొరుకు కొరికింది. నేను టీ పొయ్యడం ఆపేసి చూశాను. రెండో కొరుకు. మూడోది. పళ్ళెంలో రాలిన పొడి కూడా వేలితో అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

"బావగారు ఉండి ఉంటే," అని నిట్టూర్చింది చిన్నత్తయ్య, నోటినిండా కేకు పెట్టుకుని. "ఎంత నోరు కట్టుకున్నారక్కా, పాపం. ఒక్కనాడు ఒక్క పలుకు నోట్లో వేసుకుని ఎరగరు."

మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. చిట్టి తల దించుకుంది. అత్తయ్య నా వైపు చూడలేదు. పిల్లల మొహాలు ఒకసారి చూసి, చెల్లెలి వైపు తిరిగింది.

"అవునే, పాపం," అని ఇంకో ముక్క తీసుకుంది.

నేను పాలు తెస్తానని వంటింట్లోకి పారిపోయాను. స్టవ్ పట్టుకుని నిలబడి, నవ్వు ఆపుకోలేక, ఏడుపూ ఆపుకోలేక, మొహం చేతుల్లో దాచుకున్నాను. ఎంతసేపున్నానో తెలియదు. హాల్లోంచి అత్తయ్య గొంతు వినబడింది. చాలా రోజుల తర్వాత ఇల్లంతా మోగేలా ఖంగుమంది.

"అక్కడేం చేస్తున్నావే? నీ ముక్క మీ ఆయన తినేస్తున్నాడు, తొందరగా రా!"